రెండు తడి కప్పులు

ప్లెయిన్స్‌బరో,
14 సెప్టెంబరు 1986

రాధక్కా,

అందరం క్షేమమని మొదట రాయాలి కనుక రాస్తున్నాను. నమ్మడం నమ్మకపోవడం నీ ఇష్టం. బావగారికి నమస్కారాలు చెప్పు కానీ ఈ ఉత్తరం మాత్రం ఆయనకు చూపించకు. అమ్మకు అసలే చదివి వినిపించకు.

మా ఇంట్లోకి కొత్త కాఫీ మెషీన్ వచ్చింది. అమెరికాలో ఉన్నదానికి ఇదీ ఒక వార్తేనా అని నవ్వుతావు. నవ్వు, కానీ పూర్తిగా చదివాక నవ్వు. ఇన్నాళ్ళూ మా ఇంట్లో గాజు జగ్గు మెషీన్ ఉండేది. కింద వేడి పళ్ళెం, దాని మీద జగ్గు. ఓ గంట అలా ఉంచితే కాఫీ మాడు వాసన కొట్టేది. ఈ కొత్తదానికి వేడి పళ్ళెం లేదు. జగ్గు స్టీలుది, లోపల థర్మాస్ ఫ్లాస్కులాగా ఉంటుంది. కాగితం ఫిల్టర్‌లోంచి డికాక్షన్ నేరుగా ఆ జగ్గులోకే దిగుతుంది. మూత తిప్పి బిగించామంటే సాయంత్రం దాకా వేడి తగ్గదు. పొడి రెట్టింపు వేస్తే మన ఇత్తడి ఫిల్టర్ డికాక్షన్‌కు కాస్త దగ్గరగా వస్తుంది, పాలు విడిగా కాచి కలుపుకుంటాం. దాని సుగుణాలు అంతటితో సరి. జగ్గు మూతి ఇరుకు, నా చెయ్యి లోపలికి దూరదు. ముందు వేడినీళ్ళు పోసి తొలవకపోతే కాఫీ గోరువెచ్చగా దిగుతుంది. అడుగున అరకప్పు ఎప్పుడూ మిగిలిపోయే ఉంటుంది. అన్నిటికన్నా పెద్ద చిక్కేమిటంటే, లోపల ఎంత ఉందో బయటికి తెలియదు. గాజు జగ్గయితే వంటింటి గుమ్మంలో నిలబడే చూసుకునేదాన్ని.

ఇది ఎలా వచ్చిందో చెబుతాను విను. మొన్న ఒక రోజు పొద్దున్న ఈయన గాజు జగ్గు పగలగొట్టారు. చెయ్యి జారిందన్నారు. పెళ్ళయి ఎనిమిదేళ్ళయింది, ఈయన చేతిలోంచి చెంచా జారగా నేను చూడలేదు. రోజంతా ల్యాబ్‌లో గాజు పరీక్షనాళికలతో పనిచేసే మనిషి! సరే, పోనీలే అనుకున్నాను. ఆ సాయంత్రమే కారు డిక్కీలోంచి ఈ పెట్టె తీసుకొచ్చి బల్ల మీద పెట్టారు. "ఎప్పుడు కొన్నారండీ?" అంటే "దార్లో ఆగాను" అన్నారు. ఆ పెట్టె మూల నలిగి ఉంది, డిక్కీలో దుప్పటి నూలు పెట్టెకు అంటుకుని ఉంది. ఆ రోజు కొన్న పెట్టె అలా ఉండదక్కా. జగ్గు పగలకముందే కొత్త జగ్గు డిక్కీలో తిరుగుతోంది.

నీకు మా ఇంటి సంగతి పూర్తిగా తెలియదు కదా, చెబుతాను. నేను చీకటి ఉండగానే ఆసుపత్రి ల్యాబ్‌కు వెళ్ళిపోతాను. ఈయన తీరిగ్గా ఎనిమిదింటికి బయలుదేరతారు. మందుల కంపెనీ ఇక్కడికి పది నిమిషాల దూరం. ఇంట్లో పగలంతా మా అత్తగారు ఒక్కరే. మామగారు పోయాక మొన్న ఫిబ్రవరిలో వచ్చారు. వచ్చిన మర్నాడు నేను కప్పు తీసుకుని ఎదురు వెళితే "నేను తాగనమ్మా, కాశీలో వదిలేశాను" అన్నారు. మామగారి అస్థికలు కలపడానికి ఈయనా ఆవిడా కాశీ వెళ్ళారు కదా, అప్పుడన్నమాట. కాశీలో అందరూ తినని పండేదో, తినని కూరేదో చూసుకుని వదిలేస్తారు. ఈవిడ ఏకంగా కాఫీయే వదిలేశారు. మనసులో దండం పెట్టుకున్నాను. ఆవిడ రెండు పూటలా పాలు తాగుతారు, తన స్టీలు గ్లాసులో.

కాబట్టి ఇంట్లో కాఫీ తాగేది నేనూ ఈయనా. చెరో కప్పు. మరి ఈయన జగ్గు నిండా ఎందుకు పెడుతున్నారు? కొత్త మెషీన్ వచ్చిన రోజు నుంచీ "నువ్వు పాలు చూడు, నేను చూసుకుంటాను" అని నీళ్ళు తానే పోస్తున్నారు, గీత దాకా. ఇంతెందుకండీ అంటే "ఉండనీ, సాయంత్రం తాగుతాను" అంటారు. సాయంత్రం తాగడం నేను ఒక్కసారీ చూడలేదు. నిన్న డ్యూటీ నుంచి తలనొప్పితో వచ్చి జగ్గు వంచితే చుక్క రాలేదు.

ఇంకో మాట. ఈయన ఆఫీసులో జయంతి అని కొత్తగా ఒక అమ్మాయి చేరింది. వరంగల్ పిల్ల, పెళ్ళి కాలేదు. ఆ అమ్మాయి కారు రిపేర్‌లో ఉందట, ఈయన కారులో తీసుకెళుతున్నారు. కారు రిపేర్ ఎన్నాళ్ళు పడుతుందో బావగారిని అడిగి రాయి. బావగారిని అడగాలంటే ఈ ఉత్తరం చూపించాలి కదా. వద్దులే, నువ్వే ఆలోచించి రాయి.

నీ చెల్లెలు,
నళిని


ప్లెయిన్స్‌బరో,
12 అక్టోబరు 1986

అక్కా,

నీ ఉత్తరం అందింది. "మైక్రోస్కోపులో చూసి చూసి నీకు ప్రతిదీ పెద్దదిగా కనిపిస్తోంది" అని రాశావు. చదివి నవ్వాను, తర్వాత కోపం వచ్చింది. మైక్రోస్కోపు లేనిదాన్ని చూపించదక్కా. ఉన్నదాన్నే చూపిస్తుంది.

నువ్వు నమ్మడానికి వీలుగా ఈసారి సాక్ష్యాలతో రాస్తున్నాను. మొదట నేను చేసిన పని ఏమిటంటే, ఆసుపత్రిలో డాక్టర్లు నాలుక నొక్కి గొంతు చూసే చెక్కపుల్లలు ఉంటాయి చూడు, వాటిలో కొన్ని తెచ్చుకున్నాను. పొద్దున్న ఈయన స్నానానికి వెళ్ళగానే జగ్గు మూత తీసి పుల్ల ముంచి చూసేదాన్ని. సాయంత్రం వచ్చాక మళ్ళీ. పొద్దున్న పుల్ల నిలువునా తడిసేది, సాయంత్రం కొస మాత్రమే తడిసేది. ఆ పుల్లలను మందుల డబ్బాలో దాచాను. మూత మీద చిన్న బాణం గుర్తు ఉంటుంది. దాన్ని నేను గోడ వైపుకు తిప్పి వెళితే, వచ్చేసరికి కిటికీ వైపుకు తిరిగి ఉంటోంది. మూత తనంతట తాను తిరగదు కదా.

అసలు సంగతి అది కాదు, కప్పులు. నావీ ఈయనవీ పొద్దున్నే కడిగి కొక్కాలకు తగిలించి వెళతాం. అతిథుల కోసం నీలం గీతల కప్పులు కింది అరలో ఉంటాయి. సాయంత్రం వచ్చేసరికి ఆ నీలం గీతల కప్పులు సింకు పక్కన బోర్లించి ఉంటున్నాయి. ఒకటి కాదు, రెండు. లోపల వేలు పెట్టి చూశాను, తడి. ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను, సబ్బు వాసన వెనకాల కాఫీ వాసన. ఒక్కరోజంటే ఏదో అనుకోవచ్చు. రోజూ రెండు కప్పులే.

నువ్వే లెక్క వెయ్యి. మా అత్తగారు కాఫీ ముట్టరు. నేను డ్యూటీలో ఉంటాను. ఇంట్లో రెండు కప్పుల కాఫీ తాగిన ఇద్దరు ఎవరు? ఒకరు ఈయన. మధ్యాహ్నం పది నిమిషాల్లో ఇంటికి వచ్చి పోవచ్చు. రెండోవాళ్ళు ఎవరు?

నీళ్ళు నమిలే అలవాటు నాకు లేదు కదా, నేరుగా మా అత్తగారినే అడిగాను. "అత్తయ్యగారూ, పగలు ఎవరైనా వచ్చారా?" అని. ఆవిడ వత్తులు చేసుకుంటున్నారు. చేతిలో దూది అలాగే పట్టుకుని కిటికీ వైపు చూస్తూ "ఎవరొస్తారమ్మా ఈ మారుమూలకి" అన్నారు. నా మొహం చూడలేదు. మరి సింకు దగ్గర కప్పులేమిటి అంటే "దుమ్ము పట్టాయని కడిగాను" అన్నారు. రోజూ పడుతుందా దుమ్ము? అదీ ఆ రెండింటికేనా? అరలో ఆరు కప్పులున్నాయి. ఆవిడకు అబద్ధం చెప్పడం రాదక్కా, చెవులు ఎర్రబడ్డాయి. అబద్ధం రాని మనిషి అబద్ధం చెబుతోందంటే ఎవరికోసమో చెబుతోందన్న మాటే కదా. కన్నకొడుకు కోసం కాక ఇంకెవరి కోసం చెబుతుంది?

ఆవిడ నన్ను ఇంతవరకూ ఒక్క మాట అనలేదు. పప్పులో ఉప్పు ఎక్కువైనా తినేస్తారు, బట్టలు మడత పెట్టకపోయినా ఊరుకుంటారు. మంచితనం అనుకుని మురిసిపోయాను. ఇప్పుడు వేరే ఆలోచన వస్తోంది. ఎలాగూ ఈ ఇంట్లోంచి వెళ్ళిపోయే కోడలితో మనకెందుకులే గొడవ అనుకుంటే కూడా అలాగే ఉంటారు కదా.

ఈయనను మాత్రం అడగలేదు. అడిగితే ఏదో ఒకటి నచ్చజెప్పేస్తారు, ఆ మాటకు నేను పడిపోతాను. నాకు నన్ను చూస్తేనే భయం. పట్టుకున్నాకే మాట్లాడాలి.

నళిని


ప్లెయిన్స్‌బరో,
9 నవంబరు 1986

రాధక్కా,

నీ రెండో ఉత్తరం ఇంకా రాలేదు. వచ్చేదాకా ఆగలేక రాస్తున్నాను. ఇది చదివాక చించెయ్యి.

మొన్న దీపావళికి ఇక్కడి తెలుగువాళ్ళంతా ఒక స్కూలు హాల్ తీసుకుని కలుసుకున్నాం. తలో వంటకం చేసుకుని వెళ్ళాం. నేను పులిహోర చేశాను. జయంతి ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని వచ్చింది. నన్ను చూడగానే వచ్చి చెయ్యి పట్టుకుంది. "అక్కా, అత్తమ్మకు పగలంత ఒక్కతికే ఎట్ల పొద్దుపోతది? అన్న ఊకే ఫికర్ పడుతుంటడు, మా అమ్మ ఏమనుకుంటున్నదో ఏమో అని" అంది. తల్లి గురించిన దిగులు ఈయన నాతో ఒక్కసారి కూడా అనలేదు. ఆ అమ్మాయితో మాత్రం ఊకే అంటున్నారట. అన్న అని పిలుస్తోంది కదా అని నువ్వంటావు. అన్న అని పిలిస్తే సరిపోయిందా? నేను "మా అత్తయ్యగారికి బాగానే పొద్దుపోతుంది, మీరు దిగులు పడకండి" అని చెయ్యి విడిపించుకున్నాను. ఆ పిల్ల మొహం చిన్నబోయింది. చిన్నబోనీ అనుకున్నాను.

ఇంటికి వస్తుంటే కారులో ఈయన "జయంతితో అలా మాట్లాడావేం?" అన్నారు. "ఎలా మాట్లాడాను?" అన్నాను. ఇల్లు వచ్చేదాకా వెనక సీట్లో అత్తగారు విష్ణు సహస్రనామం గొణుక్కుంటూ కూర్చున్నారు.

నీకు ఇన్నాళ్ళూ రాయనిది ఒకటి ఉంది. ఎనిమిదేళ్ళయినా మాకు పిల్లలు లేరన్నది నీకు తెలుసు. ఇక్కడి డాక్టరు దగ్గరికి కిందటేడు ఇద్దరం వెళ్ళాం. లోపం నాలోనే ఉందన్నారు. ఈయన దారి పొడవునా నా చెయ్యి పట్టుకునే కారు నడిపారు. ఆ తర్వాత ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. అయినా అది మా ఇద్దరి మధ్య కూర్చునే ఉంది. ఆ తర్వాత కొద్ది నెలలకు అత్తగారు వచ్చారు. తర్వాత జయంతి వచ్చింది. తర్వాత ఈ మెషీన్ వచ్చింది. నాలో వెలితి ఉందని తెలిశాక నేను ప్రతి గుసగుసలోనూ నా పేరే వింటున్నానేమో, నాకు తెలియదు. కానీ పొద్దున్న నేను వెళ్ళిపోయాక నా వంటింట్లో ఎవరో ఇద్దరు వేడి వేడి కాఫీ తాగుతూ నా గురించి మాట్లాడుకుంటున్నారు, అత్తగారు ఎదురుగా కూర్చుని వింటున్నారు. ఈ దృశ్యం నాకు పరీక్షనాళికల మధ్య కనిపిస్తోంది. నిన్న ఒక రోగి రక్తం మీద ఇంకో రోగి పేరు అంటించబోయాను. పక్కనామె చూసి ఆపింది. నేను అలాంటి తప్పు ఎప్పుడూ చెయ్యలేదక్కా.

అందుకని ఒక నిర్ణయం తీసుకున్నాను. జెర్సీ సిటీలో ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో ఉద్యోగం ఉందని తెలిసి వెళ్ళి మాట్లాడి వచ్చాను. ఈయనకు షాపింగ్ అని చెప్పాను. డిసెంబరు మొదట్లో చేరతానని మాట ఇచ్చేశాను. అక్కడ ఒక మలయాళీ నర్సు తన అపార్ట్‌మెంట్‌లో గది ఇస్తానంది. పొమ్మనక ముందే పోవడం మేలు కదా. కాకపోతే వెళ్ళేముందు కళ్ళారా చూడాలి. ఈ వారంలో ఏదో ఒక రోజు తలనొప్పి అని చెప్పి మధ్యాహ్నమే ఇంటికి వస్తాను. తలుపు తాళం చప్పుడు కాకుండా తీయడం రెండుసార్లు చేసి చూసుకున్నాను కూడా. నీ చెల్లెలు ఎంతకు దిగజారిందో చూశావా?

అమ్మకు ఏమని చెబుతావో నీ ఇష్టం. నేను చెప్పలేను.

నళిని


ప్లెయిన్స్‌బరో,
16 నవంబరు 1986

రాధక్కా, నా రాధక్కా,

కిందటి ఆదివారం రాసిన ఉత్తరం ఇప్పుడు ఏ విమానంలో ఉందో తెలియదు. పోస్టాఫీసుకు వెళ్ళి వెనక్కి ఇమ్మంటే కౌంటర్‌లో మనిషి నన్ను జాలిగా చూసి పంపేశాడు. అది ముందు అందితే అమ్మకు చెప్పకు. ఇది అందేదాకా ఆగు. నీకు దండం పెడతాను, ఆగు.

బుధవారం మధ్యాహ్నం తలనొప్పి అని చెప్పి బయలుదేరాను. నిజంగానే తల పగిలిపోతోంది. పార్కింగ్‌లో ఈయన కారు లేదు. తెలివైనవాళ్ళు కారు దూరంగా పెడతారులే అనుకుని నా కారు కూడా దూరంగానే పెట్టి నడిచి వచ్చాను. తాళం చప్పుడు కాకుండా తీశాను. హాల్లో ఎవరూ లేరు, చెప్పులు లేవు, మాటలు లేవు. వంటింట్లోంచి మాత్రం ధార పడుతున్న చప్పుడు, ఆగి మళ్ళీ ధార.

గుమ్మం దగ్గరికి వెళ్ళి చూశాను. మా అత్తగారు గట్టు దగ్గర ఒక్కరే నిలబడి ఉన్నారు. ఒక చేతిలో నీలం గీతల కప్పు, రెండో చేతిలో ఇంకో నీలం గీతల కప్పు. ఈ కప్పులోంచి ఆ కప్పులోకి, ఆ కప్పులోంచి ఈ కప్పులోకి, నురగ తేలేలా ఎత్తునుంచి పోస్తూ కాఫీ చల్లార్చుకుంటున్నారు. మన ఇంట్లో నాన్న గ్లాసుకూ గిన్నెకూ మధ్య ఆర్చుకునేవారే, అచ్చం అలాగే. ఇక్కడ కప్పు కింద గిన్నె ఉండదు. జగ్గులోది పొగలు కక్కుతూ ఉంటుంది. ఆర్చుకోవడానికి ఆవిడకు రెండో కప్పు కావాలి. అంతేనక్కా. రెండు కప్పులు, ఒక మనిషి. తెలుగింట్లో పుట్టి, చేతిలో తడి కప్పులు పట్టుకుని వాసన చూసిన నాకు ఇది తట్టలేదు. ఎనిమిదేళ్ళుగా కప్పులో కాఫీ ఊదుకుని తాగుతూ ఆర్చుకోవడమన్నది ఒకటుందనే మరిచిపోయాను.

ఆవిడ నన్ను చూశారు. కప్పులు గట్టు మీద పెట్టి కొంగు పట్టుకుని తప్పు చేసిన పిల్లలా నిలబడ్డారు. నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు. నోటివెంట వచ్చింది మాత్రం "కాశీలో వదిలేశానన్నారు కదా!" అని.

"వదల్లేదమ్మా" అన్నారు. "సీతాఫలం వదిలాను, పొట్లకాయ వదిలాను. కాఫీ వదల్లేదు. ప్రాణం పోయినా వదల్లేను."

"మరి నాతో ఎందుకలా చెప్పారు?"

ఆవిడ మెల్లిగా చెప్పారు. "వచ్చిన మర్నాడు నిద్ర పట్టక చీకట్లో హాల్లో కూర్చున్నాను. నువ్వు చూడలేదు. నీ తల తడి ఆరలేదు, బయట మంచు. ఒక చేత్తో పాలు కాస్తున్నావు, ఒక చేత్తో వాడి బాక్స్ సర్దుతున్నావు. ఓ రొట్టె ముక్క నిలబడే తింటున్నావు. దానికి తోడు నాకు కాఫీ ఒకటి కలపాలంటే ఆ ముక్క కూడా తినకుండా పోతావనిపించింది. నువ్వు కప్పు పట్టుకొస్తుంటే ఏం చెప్పాలో తెలియక నోటికొచ్చింది చెప్పేశాను. కాశీ పేరెత్తాక మళ్ళీ వెనక్కి తీసుకోవడమెట్లాగమ్మా? నీకు నా మీద ఏం గౌరవం ఉంటుంది? మొదటి వారం తల పగిలిపోయింది. నువ్వు మాత్రలు ఇచ్చావు. ఈ మెషీన్ వచ్చాక జగ్గులో మిగిలింది మీరు పారబోసేదే కదా అని తాగుతున్నాను. నా గ్లాసులో పోసుకుంటే వాసన పట్టేస్తావని ఆ కప్పులు వాడాను."

ఆ వారం ఆవిడ తలకు గుడ్డ కట్టుకుని పడుకున్నారు. చలి పడలేదనుకుని నేను ఆస్పిరిన్ ఇచ్చాను. రోజూ నా ఎదురుగా పాలు తాగుతూ నా కప్పు వాసన పీల్చారన్నమాట. నేను అక్కడే కుర్చీలో కూలబడ్డాను. ఆవిడ కంగారుపడి "ఏమిటమ్మా, వాడితో చెప్పకు, నామర్దా" అంటున్నారు. నేను వాళ్ళబ్బాయిని గురించి ఏమనుకున్నానో ఆవిడతో ఎలా చెప్పగలను? చెప్పలేదు.

సాయంత్రం ఈయన రాగానే గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేశాను. అన్నీ చెప్పాను. పుల్లలు, బాణం గుర్తు, జయంతి, జెర్సీ సిటీ, అన్నీ. ఆయన మంచం మీద కూర్చుని వింటున్నారు. చివరికి "నాకు తెలుసు నళినీ" అన్నారు. "అమ్మ కాఫీ వదల్లేదని నాకు తెలుసు. కాశీలో పక్కనే ఉన్నాను కదా" అన్నారు.

ఆవిడ నాతో అబద్ధం చెప్పిన రోజు ఈయన అక్కడే ఉన్నారట. తల్లి మొహం చూసి ఊరుకున్నారట. గాజు జగ్గు చెయ్యి జారలేదట, జార్చారట. ఆ జగ్గయితే ఎంత తగ్గిందో కనిపిస్తుంది కనుక ఆవిడ ముట్టరు. స్టీలు జగ్గు కొని, వారం రోజులు డిక్కీలో పెట్టుకుని తిరిగి, చివరికి పాతదాన్ని పగలగొట్టారు. రోజూ నీళ్ళు నిండా పోసింది అందుకు. తనకు తెలుసని ఆ తల్లికి ఇప్పటికీ తెలియదు.

"నాతో ఎందుకు చెప్పలేదు?" అని అరిచాను. అవునక్కా, ఆయన మీద మొదటిసారి అరిచాను. "మీరిద్దరూ నన్ను చూసి భయపడేంత దాన్నా? కప్పు కాఫీ కలపమంటే కలపనా?"

"కలుపుతావనే చెప్పలేదు. నువ్వు కలపకూడదనే కదా అమ్మ ఆ అబద్ధం ఆడింది. దాన్ని నేనెలా చెడగొట్టను?" అన్నారు. తర్వాత "నువ్వు జయంతి గురించి ఇలా అనుకుంటున్నావని నాతో ఎప్పుడైనా చెప్పావా?" అన్నారు. చెప్పలేదు. సముద్రాలు దాటించి నీకు రాశాను కానీ పక్క మీద పడుకున్న మనిషితో చెప్పలేదు. ఆయన "వెళ్ళిపోదామనుకున్నావా నిజంగా?" అన్నారు. అవునన్నాను. ఇద్దరం చాలాసేపు ఏడ్చాం. డాక్టరు చెప్పిన మాట కూడా ఆ రోజే మళ్ళీ ఎత్తాం. ఎత్తితే ఏమీ కూలిపోలేదు. తనకేం కావాలని నేను కిందటేడు అడగలేదట, తానూ నన్ను అడగలేదట. ఇకముందు అడుగుదామనుకున్నాం.

జెర్సీ సిటీకి రానని మర్నాడే ఫోన్ చేశాను. జయంతికి కూడా ఫోన్ చేసి ఇంటికి భోజనానికి పిలిచాను. ఎందుకు పిలుస్తున్నానో చెప్పలేదు. "వస్త అక్కా, తప్పకుండ వస్త" అని ఆ పిల్ల ఎంత సంబరపడిందో!

మా అత్తగారితో మాత్రం గొడవ పెట్టుకున్నాను. ఇకనుంచి నా చేతి కాఫీ తాగాల్సిందే అన్నాను. వద్దన్నారు. తాగకపోతే నేనూ మానేస్తానన్నాను. ఆవిడ ఆలోచించుకుని సరే అన్నారు. ఒప్పుకున్నారనుకుని నేను నిద్రపోయాను. శుక్రవారం పొద్దున్న లేచి వంటింట్లోకి వెళ్ళేసరికి దీపం వెలుగుతోంది. ఆవిడ జుట్టు ముడి వేసుకుని మెషీన్ ముందు నిలబడి ఉన్నారు. ఏ మీట నొక్కాలో ముందురోజు కొడుకుని అడిగి నేర్చుకున్నారట. పొడి కాస్త కింద ఒలికింది. పాలు కాచి ఉన్నాయి. బల్ల మీద ఒక ప్లేటులో ఉప్మా, పక్కన కుర్చీ వెనక్కి లాగి ఉంది.

"కూర్చో" అన్నారు.

"టైం అయిపోతోందత్తయ్యా, డ్యూటీకి..."

"కూర్చుంటేనే కాఫీ" అన్నారు. జగ్గు రెండు చేతులతో పట్టుకున్నారు, లాక్కుంటానేమోనని.

కూర్చున్నాను. ఎదుటి కుర్చీలో ఆవిడా కూర్చున్నారు. ఉప్మాలో జీడిపప్పు లేదని సణిగాను. పెట్టిన దానికి వంకలా అన్నారు. వచ్చిన తొమ్మిది నెలల్లో ఆవిడ నన్ను అన్న మొదటి మాట అది. డ్యూటీకి అరగంట ఆలస్యంగా వెళ్ళాను. ఈ ఉద్యోగంలో ఆలస్యం కావడం ఇదే మొదలు. ఏమైందని మా సూపర్‌వైజర్ అడిగింది. మా అత్తగారు పంపలేదని చెప్పాను.

నీ
నళిని